తేమక్క జుట్టుకి పడ్డ నంబరు

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది. అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె తేమక్క. ఆ పేరు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఆమెకే గుర్తు లేదు. మొదట్లో చిరాకు పడింది, తర్వాత అలవాటు పడింది. ఆ తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసేది.

ఆ ఫ్యాక్టరీలో బీరువా అంత కరెంటు పెట్టెలు తయారుచేస్తారు. కరెంటు పోతే ఆసుపత్రులూ, ఫోను టవర్లూ ఆగిపోకుండా ఆదుకునే పెట్టెలు. వాటి కడుపులో ఉండేది ఫ్యూయల్ సెల్. ఒక పక్కనుంచి హైడ్రోజన్, ఇంకో పక్కనుంచి గాలి వస్తాయి. రెంటికీ మధ్య కాగితం మందాన ఒక పొర. ఆ పొర పుణ్యమా అని కరెంటు పుడుతుంది, మిగిలేది కాసిని నీళ్లు. చెప్పుకోవడానికి ఇంతే. తంటా అంతా ఆ పొరతోనే. అది మనిషి నాలుక లాంటిది. ఎండిపోతే మాట పెగలదు. మరీ తడైతే మాట తడబడుతుంది. ఎండితే పొర పగులుతుంది, నీళ్లు నిండితే గాలి దారులు మూసుకుపోతాయి. అందుకని లోపలికి వెళ్లే గాలిని గోరువెచ్చని నీళ్ల తొట్టిలోంచి బుడబుడమని పంపి, కావలసినంత తేమ పట్టించి పంపుతారు. ఆ "కావలసినంత" ఎంతో చూడటమే తేమక్క పని.

పదహారేళ్ల కిందట గొట్టాలు తుడిచే పనిలో చేరిన మనిషి, తుడుస్తూ తుడుస్తూ ఆ గొట్టాల గుణమంతా పట్టేసింది. మూడో నంబరు హాలు ఆమె చేతిలో పడి తొమ్మిదేళ్లు.

హాలులో తేమ కొలిచే సెన్సర్లు ఆరున్నాయి. ఆరూ ఆరు రకాలు చెప్పేవి. ఒకటి నలభై శాతం అంటే పక్కది తొంభై రెండు అనేది. ఒక రోజు మూడోది ఏకంగా సున్నా కంటే మూడు తక్కువ చూపించింది. అంత పొడి గాలి ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు. కారణం తేమక్కకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. సెన్సర్లను గొట్టం అడుగున వేలాడేలా బిగించారు. వెచ్చని తేమ గాలి చల్లని గొట్టాన్ని తాకి నీళ్లుగా మారుతుంది. ఆ నీళ్లన్నీ జారి సెన్సరు నోట్లోకి చేరతాయి. నోట్లో నీళ్లు పోసుకున్నవాడు మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉండేవి ఆ అంకెలు.

ఈ సంగతి పెద్దసారుకి చెప్పింది. పెద్దసారు అంటే ఫ్యాక్టరీ మేనేజరు. మంచివాడే, కానీ కాగితం చూడనిదే ఆయనకు ఆకలి కూడా వెయ్యదు.

"సార్, వీటిని కింద వేలాడదీశారు. నీళ్లు ఎటు పోతాయి? కిందికేగా!"

"డ్రాయింగులో అలాగే ఉందమ్మా."

"ఆ డ్రాయింగు గీసినాయన నీళ్లు ఎప్పుడైనా చూశాడా సార్?"

"దాని మీద సంతకం ఉంది తేమక్కా," అన్నాడు పెద్దసారు, గుడి గంట విన్నంత భక్తిగా.

ఇక ఆమె సెన్సర్ల జోలికి పోలేదు. తన పని తాను చేసుకుపోయింది. తొట్టి దగ్గర చెవి పెట్టి బుడగల చప్పుడు వినేది. గొట్టం మీద అరచెయ్యి ఆనించేది. వోల్టేజీ ముల్లు ఎంత వణుకుతోందో చూసేది. ఆఖరున గాలి బయటికి వచ్చే చిన్న కుళాయి దగ్గర తల వంచి, కాసేపు అలాగే నిలబడి, లాగ్ పుస్తకంలో ఒక అంకె వేసేది. డెబ్భై ఎనిమిది. ఎనభై ఒకటి. దాన్ని బట్టి తొట్టి వేడి పెంచేది, తగ్గించేది. మూడో నంబరు హాలు నుంచి పాడైన పెట్టె ఒక్కటీ బయటికి వెళ్లలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు.

అడిగినాయన తనిఖీ సారు. ఆయన పెద్ద ఆఫీసులో ఆ ఏడాదే కొత్తగా చేరాడు, పని పడ్డప్పుడల్లా ఫ్యాక్టరీలో దిగుతాడు. ముక్కు మీద కళ్లజోడు, చంకలో రూల్సు పుస్తకం. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆ రోజు లాగ్ పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర వేలు ఆపాడు.

"సెన్సరు నలభై అంటోంది. మీరు డెబ్భై ఎనిమిది రాశారు. ఏ పరికరంతో కొలిచారు?"

తేమక్క నీళ్లు నమిలింది. చెవితో అనాలా, చేత్తో అనాలా, తొమ్మిదేళ్ల అలవాటుతో అనాలా? ఏమీ తోచక చేతిని చెంప దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ, కణత దగ్గరి పిల్లజుట్టు, కుళాయి గాలికి ఉంగరాలు తిరిగి ఉంది.

"ఇదిగో... దీంతో సార్."

పక్కనే ఉన్న పెద్దసారు పక్కున నవ్వబోయి, తనిఖీ సారు ముఖం చూసి దాన్ని దగ్గులోకి మార్చుకున్నాడు. తనిఖీ సారు కలం తీసి రాసుకున్నాడు. "పరికరం, జుట్టు. రిజిస్టరులో ఉందా?"

"రిజిస్టరులో... లేదు సార్."

"రిజిస్టరులో లేని పరికరంతో తీసిన రీడింగు చెల్లదు. ఎన్ని పెట్టెలు వెళ్లాయి ఇలా?"

ఈ ఏడాదిలోనే తొంభై దాకా వెళ్లాయి. సగం ఆసుపత్రుల్లో ఉన్నాయి. వాటన్నిటినీ వెనక్కి పిలవాలంటే వ్యవహారం తడిసి మోపెడవుతుంది. పెద్దసారు నుదురు తుడుచుకుంటూ, కాలేజీలో చదివింది గుర్తు తెచ్చుకున్నాడు. "జుట్టుతో తేమ కొలవడం పాతకాలం నుంచీ ఉన్నదే సార్. తేమ తగిలితే వెంట్రుక సాగుతుంది. పుస్తకాల్లో కూడా ఉంటుంది."

"పుస్తకాల్లో ఉంటే అభ్యంతరం లేదు," అన్నాడు తనిఖీ సారు. "రిజిస్టరు చేయండి."

మధ్యాహ్నానికల్లా ఫారం వచ్చింది. తనిఖీ సారు అడుగుతుంటే పెద్దసారు నింపాడు. పరికరం నంబరు పదిహేడు. రంగు నలుపు, అక్కడక్కడా తెలుపు. పొడవు ముప్పై ఒక్క అంగుళాలు. తయారైన సంవత్సరం దగ్గర తేమక్క కాస్త సిగ్గుపడి పుట్టిన ఏడు చెప్పింది.

"తయారీదారు?"

"అమ్మా నాన్నా సార్."

"వారంటీ?"

"ఇద్దరూ పోయారు సార్."

"గడువు ముగిసింది," అని రాసుకున్నాడు తనిఖీ సారు.

పరికరం సరిగా ఉందో లేదో చూడటానికి ఉప్పు డబ్బా పరీక్ష పెట్టారు. మూసిన డబ్బాలో తడి ఉప్పు ఉంచితే లోపలి గాలి తేమ ఎప్పుడూ ఒకే అంకె దగ్గర నిలుస్తుంది. పెద్ద అట్టపెట్టెకి కంత చేసి, అందులో తడి ఉప్పు గిన్నె పెట్టి, తేమక్క తల లోపలికి దూర్చమన్నారు. పావుగంట తర్వాత లోపలినుంచి గొంతు వినిపించింది. "డెబ్భై అయిదు సార్."

ఖచ్చితంగా డెబ్భై అయిదే. వెంట్రుకవాసి తేడా లేదు. తనిఖీ సారు జడకి ఒక క్లిప్పు పెట్టించి, దానికి పసుపు రంగు స్టిక్కరు అంటించి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు స్టిక్కరుని కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "నీ జుట్టుకి ఆఫీసు వాళ్లు నంబరిచ్చారా? యాభై ఏళ్లు ఈ ఇంటికి చాకిరీ చేశాను, నాకో కుర్చీ నాది అని ఇచ్చినవాళ్లు లేరు!"

"ఆ మూల కుర్చీ మీదే కదా అత్తయ్యా."

"దాని మీద నంబరుందా?"

భర్తకి వీధి చివర సెలూను ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ పేట తలలన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్లాయి. ఆయన జడ చివర పట్టుకుని స్టిక్కరు చూసి, "అంటే ఇది ఇప్పుడు కంపెనీదా?" అన్నాడు.

"ఛ, ఊరికే రాసుకున్నారు లెండి. రేపటికి మర్చిపోతారు."

ఎవరూ మర్చిపోలేదు. మర్నాడే నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. తయారీదారు సూచన లేనిదే ఏ పరికరానికీ నూనె వేయరాదని దాని సారాంశం. దానికింద ఇంకోటి. పరికరం ప్రాంగణం దాటితే గేట్ పాస్ ఉండి తీరాలి.

అప్పటినుంచి రోజూ సాయంత్రం గేటు దగ్గర ఇదొక తంతు. గేటు బాబాయ్ పాతకాలపు కాపలాదారు. ఆమెను సొంత కూతురిలా చూసే మనిషి. అయినా డ్యూటీ డ్యూటీయే. టేపు తీసి జడ కొలిచి పుస్తకంలో రాసేవాడు. వస్తువు: జుట్టు, ఒక సెట్టు. బయటికి వెళ్లే కారణం: ఇల్లు. తిరిగివచ్చే తేదీ: రేపు.

"ఏమనుకోకు తల్లీ. ముప్పై ఒకటి వెళ్లింది, ముప్పై ఒకటి రావాలి. లేకపోతే నా మెడకి చుట్టుకుంటుంది."

"నా మెడకి చుట్టుకునేదాన్ని నీ మెడకి ఎందుకు చుడతారు బాబాయ్!"

వెనక షిఫ్టు దిగినవాళ్లు వరుసలో నిలబడి కడుపుబ్బ నవ్వేవారు. మొదట్లో ఆమె కూడా నవ్వింది. మొదటి శనివారం మాత్రం నవ్వు రాలేదు. మర్నాటి ఆదివారం సెలవుకి విడిగా పాస్ తీసుకోలేదని ఆ సాయంత్రం గంటసేపు గేటు దగ్గరే కూర్చోబెట్టారు.

మూడో నెలలో గొడవ ముదిరింది. జడ చివర్లు చిట్లిపోయి చీపురులా ఉంటే చూడలేక, ఒక ఉదయం భర్త కత్తెర తీసుకుని అర అంగుళం కత్తిరించాడు. పెళ్లయిన నాటినుంచీ ఆయన చేసే పనే అది. కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద తెల్లగుడ్డ కప్పి, మాటామంతీ ఆడుకుంటూ. ఆ పావుగంట వాళ్లిద్దరిదీ.

గేటు దగ్గర టేపు ముప్పయిన్నరే చూపించింది. బాబాయ్ మళ్లీ కొలిచాడు, టేపు మార్చి కొలిచాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసి "నష్టం, అర అంగుళం" అని రాశాడు.

విచారణ పెట్టారు. పెద్దసారు గదిలో బల్లకి అటు తనిఖీ సారు, ఇటు తేమక్క. బయట బెంచీ మీద ఆమె భర్త. ఆయన చేతికిచ్చిన కాగితంలో "అనధికార మరమ్మతుదారు" అని ఉంది. లోపలికి పిలిచేసరికి ఆయన ముఖం కందగడ్డ అయింది.

"కత్తిరించింది మీరేనా?" అన్నాడు తనిఖీ సారు.

"నేనే. నా భార్య జుట్టు నేను కత్తిరించకపోతే మీరొచ్చి కత్తిరిస్తారా?"

"సూక్ష్మ పరికరాల మరమ్మతులో మీకు అనుభవం ఉందా?"

"ముప్పై ఏళ్లు!"

"సర్టిఫికెట్?"

భర్త తేమక్క వైపు చూశాడు. తేమక్క నేల చూసింది. చివరికి తేల్చింది ఏమిటంటే, ఇకమీదట ఆ పనికి మూడు చోట్లనుంచి దరఖాస్తులు పిలవాలి. పిలిచారు. భర్త కూడా చేతిరాతతో దరఖాస్తు పెట్టాడు. సర్టిఫికెట్ జతచేయలేదని ఆయనది పక్కన పడేశారు. పని ఎదురు వీధిలోని కొత్త సెలూనుకి దక్కింది. పదిహేను రోజులు ఆయన ఇంట్లో ముభావంగా తిరిగాడు. తలుపు దగ్గర కత్తెర పెట్టె మీద ఒక తువ్వాలు కప్పి ఉంచాడు.

"ఏమండీ, నామీద కోపమా?"

"నీమీద కాదు. నీ జుట్టు కంపెనీవాళ్ల చేతికిచ్చేశావు. ఇక వాళ్లెటు తిప్పితే అటు తిరగాలి."

ఆ మాట ఆమెలో చాలా రోజులు నలిగింది. అప్పుడే సీనియర్ టెక్నీషియన్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. పదహారేళ్ల పని, పాడైన పెట్టె ఒక్కటీ లేదు, ఇంకెవరికిస్తారు? ధైర్యం చేసి దరఖాస్తు పెట్టింది. పెద్దసారు పిలిపించాడు. ఆయన ముందు రెండు ఫైళ్లున్నాయి.

"తేమక్కా, ఇదిగో చూడు. పరికరం పనితీరు అద్భుతం అని రాసి ఉంది."

"సంతోషం సార్."

"ఇది నీ ఫైలు. ఇందులో ఏమీ లేదు. రీడింగులన్నీ పరికరం తీసినవి. నువ్వు ఏం చేశావని రాయమంటావు చెప్పు?"

"దాన్ని మోసుకొచ్చాను సార్," అంది తేమక్క. పెద్దసారుకి అది వెటకారమో కాదో అర్థం కాలేదు. "మోయడం" అని పెన్సిలుతో రాసుకున్నాడు.

ఏడో నెల నిండేసరికి పరికరాన్ని దూరాన పట్నంలో ఉన్న కొలతల ప్రయోగశాలకి పంపి ధ్రువపత్రం తేవాలన్నారు. పరికరంతోపాటు మనిషి వెళ్లడానికి ఏ రూలూ లేదు. తనిఖీ సారు ఒక రోజంతా పుస్తకం తిరగేసి ఒక దారి కనిపెట్టాడు. సున్నితమైన పరికరాన్ని "తగిన పెట్టెలో" పంపాలని ఉంది కదా, తేమక్కని ఆ పెట్టె కింద రాయవచ్చు. అలా ఆమె కంపెనీ వ్యానులో వెనక సీట్లో, చొక్కాకి "ఇటు పైకి" అని బాణం గుర్తు అంటించుకుని, నాలుగు గంటలు ప్రయాణం చేసింది. డ్రైవరు పాపం గతుకులొచ్చినప్పుడల్లా ఆగి, "పరికరం బాగానే ఉందా అక్కా?" అని అడిగాడు. "పెట్టెకే నడుం నొప్పి," అంది తేమక్క.

కొలతల ప్రయోగశాలలో పనిచేసే మేడమ్ వయసు మళ్లిన మనిషి. తెల్లని కోటు, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. కాగితాలన్నీ చదివి, కళ్లజోడు తీసి, ముందు కాఫీ తెప్పించింది. తర్వాత తేమక్క తలనుంచి ఒకే ఒక్క వెంట్రుక అడిగి తీసుకుని, చిన్న బరువు కట్టి, గాజు గొట్టంలో వేలాడదీసింది. అరగంట ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. తేమ పెంచితే వెంట్రుక కొంచెం సాగింది. తగ్గిస్తే నింపాదిగా ముడుచుకుంది.

"మామూలు వెంట్రుకేనమ్మా," అంది మేడమ్. "నాది వేలాడదీసినా ఇంతే. దీనికి డెబ్భై ఎనిమిదికీ ఎనభై నాలుగుకీ తేడా తెలియదు. పైగా ఆ కుళాయి గాలి బయటికి రాగానే చల్లబడిపోతుంది. చల్లబడిన గాలి దగ్గర జుట్టు చెప్పగలిగేది ఒక్కటే, తడి అని. మరి నీ అంకెలు ఎక్కడనుంచి వచ్చాయి?"

"ఉప్పు డబ్బాలో సరిగ్గానే చెప్పింది కదా మేడమ్?"

"ఆ గిన్నెలో ఉన్నది ఏ ఉప్పో నువ్వు చూశావా?"

"వంటింటి ఉప్పే మేడమ్. దానికి డెబ్భై అయిదేగా!" అనేసి తేమక్క నాలుక కరుచుకుంది.

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. తర్వాత పక్క గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ చిన్న ఫ్యూయల్ సెల్ ఒకటి పనిచేస్తోంది. నీళ్ల తొట్టి, గొట్టాలు, ముల్లు, అన్నీ తేమక్కకు తెలిసినవే. మేడమ్ ఆమె తలకి మందపాటి తువ్వాలు బిగించి కట్టింది, ఒక్క వెంట్రుక కనపడకుండా. "ఇప్పుడు చెప్పు."

తేమక్క బిక్కమొహం వేసింది. ఆ తర్వాత అలవాటుకొద్దీ తొట్టి దగ్గరికి వెళ్లి చెవి పెట్టింది. గొట్టం మీద చెయ్యి ఆనించింది. ముల్లు వైపు చూసింది. అది పైకి వెళ్లలేక, కిందికి రాలేక, ఊపిరాడనట్టు కొట్టుకుంటోంది.

"ఎనభై తొమ్మిది. ఎడంపక్క నీళ్లు దిగుతున్నాయి. తొట్టి వేడి రెండు డిగ్రీలు తగ్గించండి."

మేడమ్ తన పరికరం చూసింది. ఎనభై ఎనిమిది. మధ్యాహ్నం దాకా అయిదుసార్లు మార్చి మార్చి అడిగింది. అయిదుసార్లూ ఒకటి అటూ ఒకటి ఇటూ. తువ్వాలు విప్పి అయిదుసార్లు అడిగింది. అప్పుడూ అంతే.

"జుట్టుకి అంత తెలివి లేదమ్మా. తెలివి నీది."

తేమక్కకు ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లలో ఎవరూ అనని మాట. సంతోషం కన్నా ముందు భయం వేసింది. "జుట్టు ఫెయిలని రాస్తే ఆ తొంభై పెట్టెలూ వెనక్కి వస్తాయి మేడమ్. ఆసుపత్రుల్లో ఉన్నాయి. అవి బాగున్నాయి, నాకు తెలుసు."

"నేను అబద్ధం రాయను," అంది మేడమ్. కాసేపు కలం కొరికి, ధ్రువపత్రం మీద పరికరం పేరు దగ్గర "జుట్టు" అన్న మాట కొట్టేసి, స్పష్టంగా ఇలా రాసింది. "ఈమె మొత్తం. జుట్టుతో గానీ, జుట్టు లేకుండా గానీ." కింద సంతకం, పైన గుండ్రటి ముద్ర.

తిరుగు ప్రయాణంలో తేమక్క ఆ కాగితాన్ని పదిసార్లు చదివింది. ఊరు వచ్చేలోపు ఆమెకు ఒక ఆలోచన తట్టింది.

మర్నాడు ధ్రువపత్రం చూసి పెద్దసారు నోరెళ్లబెట్టాడు. తనిఖీ సారుకి మాత్రం అందులో వింత ఏదీ కనిపించలేదు. ముద్ర ఉంది, సంతకం ఉంది. రిజిస్టరులో పదిహేడో నంబరు ఎదుట జుట్టు తీసి మనిషిని మొత్తం ఎక్కించాడు. తేమక్క మూడో నంబరు హాలుకి వెళ్లి, లాగ్ పుస్తకం తెరిచి, రీడింగు అని ఉన్న గడిలో అంకెకు బదులు చిన్న అక్షరాలతో ఇరికించి రాసింది. "ఆరు సెన్సర్లూ తలకిందులుగా ఉన్నాయి. పైకి తిప్పాలి. గొట్టం వెచ్చగా ఉండేలా చుట్టు వెయ్యాలి."

పెద్దసారు పరుగెత్తుకొచ్చాడు. "ఇక్కడ అంకె రాయాలమ్మా! ఇదేంటి?"

"రీడింగు సార్."

"కొట్టెయ్యి దాన్ని!"

"ఆగండి," అన్నాడు వెనకే వచ్చిన తనిఖీ సారు. కళ్లజోడు సర్దుకుని చదివాడు. "ధ్రువపత్రం ఉన్న పరికరం ఇచ్చిన రీడింగు. కొట్టెయ్యడానికి మీరెవరు? దీనిమీద ఏం చర్య తీసుకున్నారో సాయంత్రంలోగా రాయాలి."

"డ్రాయింగులో అలా..."

"డ్రాయింగుకి ధ్రువపత్రం ఉందా?"

లేదు. సంతకం ఒక్కటే ఉంది. ఫిట్టర్లు ఇద్దరు వచ్చి ఆరు సెన్సర్లూ విప్పితే, ఒక్కోదాంట్లోంచి చెంచాడు నీళ్లు కారాయి. పైకి తిప్పి బిగించి, గొట్టానికి వేడి చుట్టు వేశారు. పూట కూడా పట్టలేదు. మర్నాటి ఉదయం ఆరూ ఒకే మాట మీద నిలబడ్డాయి, ఎనభై ఒకటి, ఎనభై రెండు, ఎనభై ఒకటి అంటూ. తేమక్క వాటిముందు నిలబడి, తొమ్మిదేళ్లు మాట్లాడని చుట్టాలు ఒక్కసారిగా పలకరించినట్టు చూస్తూ ఉండిపోయింది.

ఇక్కడితో అయిపోయిందనుకుంది. తనిఖీ సారు అలా అనుకోలేదు. సెన్సర్లు బాగుపడ్డాయి కాబట్టి పదిహేడో నంబరు అవసరం తీరింది. అవసరం తీరిన పరికరాన్ని విడగొట్టి పాతసామాను గదికి చేర్చాలని రూలు. ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, పాతసామాను గది గుమాస్తా వచ్చి తేమక్క ముందు నిలబడి, "అక్కా, ఏ అరలో పెట్టమంటావు?" అని అడిగాడు.

తేమక్కకు తొలిసారి ఒళ్లు మండింది. అరవలేదు. అరిస్తే "పరికరంలో శబ్దం వస్తోంది" అని రాస్తారని ఆమెకు తెలుసు. మళ్లీ లాగ్ పుస్తకం తెరిచింది. ఆ రోజు గడిలో ఇలా రాసింది. "పదిహేడో నంబరు పరికరం కాదు, మనిషి. జుట్టు ఆమె సొంతం."

తనిఖీ సారు చదివాడు. ఇంకోసారి చదివాడు. రూల్సు పుస్తకం తెరిచి, ఆ పేజీలూ ఈ పేజీలూ తిప్పి, మూసేశాడు. ఆయన కంఠం మొదటిసారి కాస్త తడబడింది.

"ఈ పరికరం ఇప్పటివరకూ తప్పు రీడింగు ఇచ్చిన దాఖలా ఉందా?"

"ఒక్కటీ లేదు సార్," అన్నాడు పెద్దసారు.

"అయితే ఇదీ సరైనదే అయి ఉండాలి."

రిజిస్టరులో పదిహేడో నంబరు మీద అడ్డంగా గీత గీసి సంతకం పెట్టాడు. జడకున్న స్టిక్కరు తేమక్క తానే పీకి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని జాగ్రత్తగా రూల్సు పుస్తకంలో పెట్టుకున్నాడు.

సీనియర్ టెక్నీషియన్ ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. కాకపోతే పరికరాల జాబితాలో ఉన్న ఏడు నెలలూ సర్వీసులోంచి తీసేశారు. దానిమీద ఆమె ఇప్పటికీ అర్జీలు పెడుతూనే ఉంది. ఆ ఆదివారం భర్త తెల్లగుడ్డ దులిపి, "ఎంత తియ్యమంటావు?" అన్నాడు. భుజాల దాకా తీసెయ్యమంది. ఆయన కాసేపు కత్తెర పట్టుకుని నిలబడిపోయాడు. "ఏమండీ, మూడు దరఖాస్తులు పిలవమంటారా?" అంటే నవ్వేసి మొదలుపెట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు అత్తగారికి కంటి పరీక్ష చేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లింది. చీటీ తీసుకుని, వరుసలో పిలిచేదాకా ఆగమన్నారు. అత్తగారు కుదురుగా కూర్చునే రకం కాదు. ఇద్దరూ వెనక వసారా వైపు నడిచారు. కరెంటు పోయినట్టుంది, అక్కడ గోడ వారగా బూడిదరంగు పెట్టె ఒకటి సన్నగా గుర్రుమంటోంది. తేమక్క వంగి రేకు మీద అంకెలు చూసింది. మూడో నంబరు హాలుదే. పక్కనున్న సన్నని గొట్టంలోంచి ఒక్కొక్క చుక్కా నీళ్లు రాలుతున్నాయి.

కాపలా మనిషి వచ్చి, "ఏం కావాలమ్మా ఇక్కడ?" అన్నాడు.

"ఏం లేదు. నీళ్లు సరిగ్గా వస్తున్నాయో లేదో చూద్దామని."

"తాగే నీళ్లయితే అటు పక్క."

అత్తగారు అప్పటికే గొట్టం కింద అరచెయ్యి పట్టింది. "వెచ్చగా ఉన్నాయే అమ్మాయ్."

"అవును అత్తయ్యా. వెచ్చగానే ఉండాలి."

"దీని పొట్టలో నీళ్లెవరు పోశారు?"

"ఎవరూ పోయలేదు. అదే చేసుకుంటుంది."

అత్తగారు నమ్మలేదు. పెట్టె చుట్టూ తిరిగి వెనక కుళాయి ఉందేమోనని వెతికింది. తేమక్క రేకు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. లోపల వీళ్ల నంబరు రెండుసార్లు పిలిచారు. ఇద్దరికీ వినపడలేదు.